వెనక నుంచి పిలవకూడదు

పద్మజకు కోపమొస్తే చేతిలో పని ఆగదు, ఇంకా జోరందుకుంటుంది. ఇమాం హుస్సేన్ తాను వచ్చిన పని చెప్పేసరికి మిషను కింద ఉన్న జాకెట్టు చెయ్యి కాస్తా వంకర పోయింది. అయినా ఆమె తొక్కడం ఆపలేదు.

“ఇంగొకసారి చెప్పు మామా. మా నాయనకు ఏమైందని?”

“చెవుడు పాపా. బాగా ముదిరింది. పటాలంలో ఫిరంగి తోపుల కాడ పనిచేసి వచ్చిందే గదా అని చెవిటి పింఛనుకు అర్జీ పెట్టినాం. వచ్చే బేస్తవారం మిలిటరీ ఆసుపత్రిలో బోర్డు. డాక్టర్లు కూర్చుని చూస్తారు. ఇంట్లోవాళ్లు ఒకరు కూడా రావల్లంట.”

“చెవుడా! అబ్బబ్బా! ఎప్పుడొచ్చిందంట మామా? మా అమ్మను మట్టి చేసినాకనా, చేయకముందా?”

హుస్సేన్ తల వంచుకున్నాడు. ఆ మాట అతనికి సగమే వినపడి ఉంటుంది గానీ, ఆమె మొహం చూశాక మిగతా సగం వినాల్సిన పనేముంది! రెండు చెవుల్లోనూ మిషన్లు పెట్టుకుని, మడకశిర చుట్టుపక్కల పటాలం నుంచి తిరిగొచ్చిన వాళ్లందరి అర్జీలూ తానే రాసిపెట్టే మనిషి అతను. పద్మజ నాయన ఎర్రన్నా అతనూ ఒకే తోపు దగ్గర ఏళ్ల తరబడి కలిసి పనిచేశారు. పద్మజను పసిబిడ్డప్పుడు ఎత్తుకున్న చనువుంది కాబట్టి మడకశిరలో ఆమె కుట్టు అంగడి మెట్ల మీద అట్లాగే కూర్చున్నాడు. ఇంకొకరైతే ఆ చూపుకు ఎప్పుడో లేచిపోయేవారు.

ఆమె కోపం ఊరికే వచ్చింది కాదు. రెండేళ్ల కిందట పద్మజ తల్లి తిరుపాలమ్మ దావ పక్క చేన్లో వేరుశనగ కలుపు తీస్తూ తీస్తూ గుండె పట్టుకుని కూలబడిపోయింది. ఎర్రన్న అదే చేన్లో ఆ చివర, అడవిపందులు రాకుండా కంప కడుతున్నాడు. గొర్రెలు తోలుకుని దావన పోతున్న దాసప్పకు ఆమె కేక వినపడింది. సద్ది తినడానికి మొగుణ్ణి పిలుస్తోందనుకుని తన దారిన తాను పోయాడు. ఎర్రన్న కంప కట్టడం ముగించి వెనక్కి తిరిగి చూసేసరికి ఆమె గట్టు పక్కన పడి ఉంది. ఆసుపత్రికి చేర్చారు. “ఇంకాస్త ముందు తెచ్చుంటే బతికేది” అన్నాడు డాక్టరు. ఆ ఒక్క మాట అనకుండా మింగి ఉంటే ఆయన సొమ్మేం పోయేదో!

మట్టి చేసిన చోటే దాసప్ప నలుగురిలో నోరు తెరిచాడు. “దావన పోయే నాకే ఇనపడిందప్పా. చేన్లో ఉండే మనిషికి ఇనపల్లేదంటే నేనెట్ల నమ్మల్ల? వొంచిన తల ఎత్తితే వొట్టు!”

ఊరు నమ్మింది. ఎందుకు నమ్మదు? ఎర్రన్నకు ఊళ్లో తలబిరుసు మనిషని ముందునుంచే పేరు. వెనక నుంచి ఎవరు పలకరించినా తిరిగి చూడడు, పటాలంలో పనిచేసొచ్చిన పొగరు అనుకునేవాళ్లు. దానికి తోడు ఆ పొద్దున్నే మొగుడూ పెళ్లాలిద్దరూ ఇంకో బోరు వేయించే విషయంలో వీధంతా వినపడేట్టు వాదులాడుకున్నారు. పెళ్లాం మీద అలిగి, పిలుస్తున్నా పలకకుండా పని చేసుకున్నాడని తేల్చేశారు. పద్మజ వచ్చి నాయన ఎదుట నిలబడి అడిగింది. “నాకు ఇనపల్లా పాపా” అన్నాడాయన. “నా మాట ఒక్కటన్నా ఇనకుండా పోయినావా నువ్వు, నేను పుట్టినప్పటి నుంచి? అమ్మ సావుకేక ఒకటే ఇనపల్లేదా?” అని అడిగి, ఆ రోజు నుంచి మాట్లాడ్డం మానేసింది. ఆ తర్వాత ఆయన తనకు చెవుడని ఎవరో డాక్టరు చేత రాయించి కాగితం పంపిస్తే, చదవకుండానే చించి పొయ్యిలో వేసింది. దుడ్లిస్తే ఎవరైనా రాసిస్తారని ఆమె లెక్క.

“దుడ్ల కోసరం కాదు పాపా ఈ అర్జీ” అన్నాడు హుస్సేన్ నెమ్మదిగా. “సర్కారు డాక్టర్లు చెప్తే నువ్వు నమ్ముతావని ఆయన ఆశ. అంతే.”

“మరి ఇన్నేండ్లూ ఎవురికీ చెప్పలేదేం? పటాలంలో చూసుకోరా చెవులు?”

హుస్సేన్ నవ్వాడు. సంతోషపు నవ్వు కాదది. “చూస్తారు తల్లీ. గోడ తట్టు మొగం పెట్టించి నిలబెడతారు. దూరాన్నుంచి డాక్టరు చిన్నగా ఒక అంకె చెప్తాడు. ఇనపడినోడు తిరిగి చెప్పల్ల. తప్పితే పెద్ద ర్యాంకు రాదు. మా తోపులోళ్లలో చెవులు బాగుండేవాడు యాడుండాడు? దూది పెట్టుకుని కాల్చినాం. కొండల్లో యుద్ధమప్పుడు అదీ లేదు, పగలూ రాత్రీ కాల్చినాం. అందుకని మాలో మాకు ఒక ఆనవాయితీ. ముందు పరీక్ష అయిపోయినోడు గోడకాడ కిటికీ అవతల నిలబడి, డాక్టరు పెదాలు చూసి, చేతి ఏళ్లతో అంకె చూపిస్తాడు. మీ నాయనకు ప్రతిసారీ నేనే నిలబడినా. ఆఖరు పరీక్షకు కూడా. ‘ఫిట్’ అని రాస్తేనే గదా బ్యాంకులో వాచ్‌మన్ పని ఇచ్చింది! నాకు ఎవురూ నిలబడలా. నేను తప్పినా. ఈ పొద్దు నాకు పింఛనొస్తాంది, చెవుల్లో మిషన్లొచ్చినాయి. పాసైనందుకు మీ నాయనకు ఆ రెండూ లేవు.”

పద్మజ మిషను ఆపింది. కథ బాగానే ఉంది. అయితే కథలు కట్టడం ఎవరికి రాదు? పదేళ్లు ఒకే కంచంలో తిన్నవాళ్లు ఒకరి కోసం ఒకరు ఎంతకైనా వస్తారు.

“నువ్వే పో మామా తోడుగా.”

“చెవిటోనికి చెవిటోడు తోడా?” అన్నాడు హుస్సేన్. “ఆడ పేరు పిలుస్తారు, ఇద్దరం దిక్కులు చూస్తా కూర్చోవల్ల.”

“సరే, వస్తా” అంది పద్మజ. “ఆ నాటకమేందో నా కండ్లతో నేనే చూస్తా. చూసినాక మాత్రం ఇంగ ఆయన పేరు నా ముందర ఎత్తద్దు మామా.”

బేస్తవారం తెల్లవారి పద్మజ బస్టాండుకు వచ్చేసరికి ఎర్రన్న అప్పటికే అక్కడున్నాడు. ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లు, నున్నగా గీసిన గడ్డం. చేతిలో ఒక పొట్లం. కూతుర్ని చూడగానే ఆయన మొహం విచ్చుకుంది, మరుక్షణం భయపడినట్టు ముడుచుకుంది. పొట్లం ముందుకు చాపాడు. బొరుగులూ వేయించిన శనగపప్పూ. చిన్నప్పుడు సెలవు మీద ఇంటికొచ్చినప్పుడల్లా బస్సు దిగుతూనే కొనిచ్చేవాడు. పద్మజ చేతులు కొంగులో దాచుకుని బస్సెక్కింది.

దారంతా ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. మొన్నటి వానకు నేల తడిసిందనీ, ఈసారి కంది కూడా వేశాననీ, దూరాన తిరిగే గాలిమరల కింద ఎవరి పొలాలు ఎంత పోయాయో ఏమిటో! పక్క సీట్లవాళ్లు తిరిగి చూసేంత పెద్ద గొంతు. ఆయనదెప్పుడూ అంతే, ఎదుటివాళ్లకు అడిగే సందివ్వకుండా తానే చెప్పుకుపోతాడు. ఫోన్లో మాత్రం ఎత్తితే ఒట్టు, అమ్మే మాట్లాడేది. పద్మజ మొహం కిటికీ వైపు తిప్పేసింది. కాసేపటికి ఆయన గొంతు ఆగిపోయింది. కోపం అర్థమైందిలే అనుకుంది ఆమె.

నడుమ ఒక ఊళ్లో బస్సు మారాలి. ఎర్రన్న ముందు నడిచి వేరే బస్సు మెట్లెక్కబోయాడు. “ఏ పెద్దాయనా, ఇది పోదు, దిగు దిగు!” అని కండక్టరు వెనక నుంచి అరిచాడు. ఆయన వినకుండా ఎక్కుతూనే ఉన్నాడు. “ఎంత తలపొగరు చూడు ఆయప్పకు!” అని ఎవరో నవ్వారు. పద్మజకు సిగ్గుతో చచ్చినంత పనైంది. నాటకం ఇక్కడి నుంచే మొదలుపెట్టాడు చూడమ్మా అనుకుంది. పరుగున పోయి, మనుషుల్ని తోసుకుని ఆయన ముందుకు చేరి, “ఇది కాదు, అది” అని చెయ్యి చూపింది.

అంత అవస్థ ఎందుకు, వెనక నుంచే “నాయనా” అని ఒక కేక వేస్తే పోలేదా? అట్లా పిలవడం ఆమెకు తెలియదు. ఊహ తెలిసినప్పటి నుంచి అమ్మ నేర్పిన మొదటి బుద్ధి అది. “నాయనను ఎనక నుంచి పిలవద్దు పాపా. పోయే మనిషిని పిలిస్తే పోయే పని చెడతాది. ముందరికి పోయి మొగం చూసి చెప్పు.” బయటికి పోయేవాళ్లను వెనక నుంచి పిలవకూడదని అందరిళ్లలోనూ అంటారు. వీళ్లింట్లో మాత్రం నాయన వాకిట్లో కూర్చుని ఉన్నా అదే నియమం. అమ్మకు పట్టింపులెక్కువ అనుకునేది పద్మజ. అంతకుమించి ఎన్నడూ ఆలోచించింది లేదు.

రాష్ట్రం సరిహద్దు అవతలున్న ఆ ఆసుపత్రిలో ఎర్రన్నను ఒక చిన్న గదిలోకి తీసుకుపోయారు. గోడలకు మెత్తటి బట్ట, కిటికీ లేదు. లోపలికి పోతే బయటి సందడంతా ఒక్కసారిగా తెగిపోయింది. ఆయన్ను గోడ తట్టు మొహం పెట్టించి కుర్చీలో కూర్చోబెట్టింది అక్కడ చెవుల పరీక్ష చేసే పిల్ల. లహరి అని పేరు రాసి ఉంది కోటు మీద. కన్నడం పిల్ల, తెలుగు రాదు. మడకశిర మనిషికి కన్నడం కొత్తేం కాదు కాబట్టి పద్మజకు ఇబ్బంది లేకపోయింది.

“మిషను పరీక్ష తర్వాత చేస్తాను. కొందరు వినపడినా పడనట్టు కూర్చుంటారమ్మా, మా దగ్గరికి అలాంటివాళ్లు చాలామంది వస్తారు” అంది లహరి. “ఇంట్లోవాళ్ల గొంతుకు ఒళ్లు దానంతట అదే కదులుతుంది. మీరు వెనక నిలబడి మీ భాషలో పిలవండి. ఏం పిలిచినా సరే.”

“వెనక నుంచా?” అంది పద్మజ. “మా ఇంట్లో అట్లా పిలవరు.”

“ఈ ఒక్కసారికి పిలవండి.”

పద్మజ నిలబడింది. నాయన వీపు ఇంత దగ్గర నుంచి చూసి ఎన్నాళ్లైందో. చొక్కా కాలరు పైన మెడ ఎండకు కమిలి నల్లబడింది. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని బిగుసుకు కూర్చున్నాడు.

“నాయనా” అంది. కదల్లేదు.

“నాయనా!” గట్టిగా అంది. ఊహూఁ.

అబ్బ, ఎంత గుండెబలమమ్మా ఈయనకు! రెండేళ్లుగా అణిచిపెట్టుకున్నదంతా గొంతులోకి వచ్చింది. ఏ మాటంటే కదలక తప్పదో ఆ మాట ఆమె దగ్గరుంది. ఆ పిల్లకు తెలుగు కూడా రాదు.

“అమ్మను నువ్వే సంపినావు నాయనా” అంది. “పిలుస్తాంటే ఇనుకుంటా, కంప కట్టుకుంటా కూర్చుంటివి. అది కొట్టుకుని కొట్టుకుని సచ్చిపోయింది. నీ పంతం గెలిచింది గదా. నువ్వు మనిషివేనా? అమ్మకు బదులు నువ్వు పోయింటే నేను ఏడ్చింటే వొట్టు!”

ఆ గది గోడలు మాటను బయటికి పోనివ్వవు. అంతా అక్కడే ఉండిపోయింది. ఎర్రన్న మెడ మీద ఒక్క నరం కదల్లేదు. భుజం అదరలేదు. మోకాలి మీద వేళ్లు కూడా బిగుసుకోలేదు. ఆయన ఎదురుగా ఉన్న గోడను చూస్తూ ఓపికగా కూర్చున్నాడు, అంతే. కాసేపైనాక ఏ అలికిడీ తగలక అనుమానమొచ్చి, తల వెనక్కి తిప్పి ముందు ఆ పిల్లనూ తర్వాత కూతుర్నీ చూశాడు.

“మొదలు పెట్టినారా పాపా?” అని అడిగాడు.

పద్మజ గోడ పట్టుకుని కిందికి జారి కూర్చుంది. “ఏమైంది, ఏమైంది తల్లీ, కండ్లు తిరిగినాయా? పొద్దున ఏమన్నా తింటివా?” అంటూ ఆయన కుర్చీ తోసి లేచొచ్చాడు. జేబులోంచి బొరుగుల పొట్లం తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె అన్న మాటలు లోకంలో ఆమె ఒక్కదానికే వినపడి అర్థమయ్యాయి. అంతకంటే ఘోరం ఇంకొకటి ఉంటుందా!

మధ్యాహ్నం బోర్డు ముందుకు పిలిచారు. మిషను పరీక్షలు కూడా అయిపోయాయి. పెద్ద డాక్టరు మర్యాదస్తుడు. ఎర్రన్న మొహానికి ఎదురుగా కూర్చుని హిందీలో మెల్లగా మాట్లాడాడు. ఎర్రన్న నిటారుగా నిలబడి “జీ సాబ్, జీ సాబ్” అంటూ ఒక్క మాట కూడా పొల్లు పోకుండా జవాబులు చెప్పాడు. ఆయన కళ్లు డాక్టరు పెదాల మీదనే ఉన్నాయి. ఆ చూపు పద్మజ పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. తన మాట అంటే నాయనకు అంత ఇష్టమని, అందుకే కళ్లార్పకుండా చూస్తాడని చిన్నప్పుడు స్నేహితురాళ్ల దగ్గర మురిసిపోయేది.

“మీకు చెవుడు ఉన్న మాట నిజం. చాలా ఎక్కువగా ఉంది. చాలా ఏళ్లుగా ఉన్నట్టే కనబడుతోంది” అన్నాడు డాక్టరు. “కానీ పటాలం వదిలిన రోజు పరీక్షలో మీరు పాసయ్యారు. అప్పుడు బాగున్న చెవులు నౌకరీ వల్ల పోయాయని నేనెట్లా రాయను? ఆ రోజు ఎట్లా పాసయ్యారో చెప్పగలరా?”

పద్మజకు హిందీ అర్థమైనంత వరకు అర్థమైంది. హుస్సేన్ మామ పేరు చెప్తే సరిపోతుంది కదా అని నోరు తెరవబోయింది. ఎర్రన్న చెయ్యి చాటుగా అడ్డం పెట్టాడు.

“పాసైనాను సాబ్” అన్నాడు. స్నేహితుడికి వచ్చే పింఛను మీదికి ఎక్కడ వస్తుందోనని ఆయన భయం.

డాక్టరు కాగితాలు మూసి, “ఐతే నేను చేయగలిగింది లేదు” అన్నాడు. గొంతులో బాధ ఉంది. బాధ వల్ల పనులవుతాయా!

ఎర్రన్న కదల్లేదు. “పింఛను పోనీ సాబ్” అన్నాడు. “ఒక్కటే మనవి. నాకు వినపడదన్న సంగతి మీ నోటితో నా బిడ్డకు చెప్పండి. ఆమె నా మాట నమ్మదు. నా పెండ్లాం చచ్చిపోయే పొద్దు కూడా నాకు వినపడలేదని చెప్పండి. ఒక్కసారి చెప్పండి సాబ్.”

డాక్టరు పద్మజ వైపు తిరిగాడు. చెప్పడానికి ఏముంది, ఆమె అప్పటికే కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

తిరుగు బస్సులో పద్మజ కిటికీ వైపు కూర్చోలేదు. నాయనకు ఎదురుగా, అడ్డంగా తిరిగి కూర్చుంది. ఎండ తగ్గి ఊళ్లు దాటుతున్నాయి. అడగడానికి ఎన్నో ఉన్నాయి, నోటికి ఒక్కటే వచ్చింది.

“అమ్మకు తెలుసునా నాయనా?”

“తెలీకుండా ఎట్లుంటాది? సర్వీసులో ఉండగానే తెలుసు దానికి” అన్నాడు ఎర్రన్న. “బ్యాంకు పని పోతాదని గమ్మునున్నాం. చిన్నబిడ్డ, యాడన్నా నోరు జారుతాదని నీకూ చెప్పనీలా. ఆ తర్వాత చెప్పేదానికి నాకే సిగ్గైంది. ఊరంతా చెవిటోడా అంటారని. పొగరుబోతు అనిపించుకునేదే మేలనిపించింది. తప్పు నాదే పాపా.”

“మరి చేన్లో ఉన్నప్పుడు ఎట్ల పిలిచేది?”

ఎర్రన్న నవ్వాడు. రెండేళ్లకు అది మొదటి నవ్వేమో. “పెళ్ల ఇసిరేది. మట్టిపెళ్ల. నా ముందర పడేట్టు గురి చూసి ఇసిరేది. ఒక్కోసారి కోపమొస్తే వీపు మీదే! నువ్వు చూసుంటావు గదా?”

చూడకేం! సెలవుల్లో చేనికి పోయినప్పుడు అమ్మ పెళ్లలు విసరడం, నాయన తిరిగి “ఏం తిరుపాలూ” అనడం ఎన్నిసార్లు చూసి చప్పట్లు కొట్టి నవ్వలేదు! మొగుడూ పెళ్లాల సరసం అనుకుంది. ఆమెకు తెలిసి అట్లా ఆడుకునే మొగుడూ పెళ్లాలు ఊళ్లో ఇంకెవరూ లేరు.

“ఆ పొద్దు కూడా ఇసిరింది” అన్నాడు ఎర్రన్న.

పద్మజ చూపు తిప్పలేదు.

“ఆ యేడు వాన యాడుండాది? దుక్కంతా దుమ్ము. పెళ్ల అనేది చేతిలో నిలిస్తే గదా! ఇసిరితే నడుమనే పొడై రాలిపోయింది. దాన్ని లేపినాక చూసినా. అది పడిన కాడి నుంచి నా తట్టు వరసగా మట్టి చల్లినట్టు ఉండాది. సగం దూరం కూడా రాలా. దాని పిడికిట్లో ఇంగా మట్టి ఉన్నింది.”

అమ్మకు ఆఖరి స్నానం చేయించింది పద్మజే. కుడిచేతి పిడికిలి విప్పడానికి ఎంత అవస్థ పడిందో! గోళ్ల నిండా ఎర్రమట్టి. నొప్పికి నేల గీరుకుందని అప్పుడనుకుంది. ఆ మట్టి తన చేతులతోనే కడిగేసింది.

“మరి దాసప్ప ఇన్నాడే కేక. నిన్నే పిలిచిందంట గదా!”

“నన్నెందుకు పిలుస్తాది పాపా? నాకు ఇనపడదని దానికంటే ఎవురికి బాగ తెలుసు?” ఎర్రన్న గొంతు మొదటిసారి తగ్గింది. “పెళ్లలు నాకోసరం. కేక నాకు కాదు. దావన పోయే మనిషిని పిలిచింది.”

“దాసప్పనా? ఆయన్ను పిలిస్తే పోకుండా, మళ్లా ఊరందరి ముందరా నిన్ను అంటాడా! ఈ పొద్దే పోయి అడుగుతా, నలుగుర్లో నిలబెట్టి…”

“వొద్దు.” ఆయన ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. “పాపం వానికేం తెలుసు? అన్నానికి పిలుస్తాందనుకున్నాడు. ఎవురైనా అట్లనే అనుకుంటారు. ఇప్పుడు చెప్తే ఆ కేక వానికి బతికినన్నాళ్లూ ఇనపడతానే ఉంటాది. నాకైతే ఇనపడదు గదా తల్లీ. నా మీదనే ఉండనీలే.”

పద్మజ ఊరొచ్చేదాకా ఆ చెయ్యి విడవలేదు.

ఆ రాత్రి ఆమె మడకశిరకు పోకుండా ఊళ్లోనే ఉండిపోయింది. పొద్దున లేచేసరికి నాయన చేనికి పోయాడు. సద్ది కట్టుకుని వెనకే బయల్దేరింది. మొన్నటి వానకు తడిసి ఆరిన నేల. దావ పక్కన, అమ్మ పడిపోయిన గట్టు దగ్గరే ఆగిపోయింది. ఎర్రన్న ఆ చివర, వీపు ఇటు పెట్టుకుని, వంగి కంప సర్దుతున్నాడు. ఇక్కడికీ అక్కడికీ మధ్య ఎంత దూరమని! ఒక్క కేక దూరం. చెవులున్నవాళ్లకు అదేం దూరం!

పిలవబోయింది. నోటిదాకా వచ్చిన “నాయనా” అక్కడే ఆగిపోయింది. ఇక్కడ నిలబడి అమ్మ ఎట్లా చూసి ఉంటుంది ఆ వీపు వంక? నొప్పితో ఆ చెయ్యి ఎట్లా లేచి ఉంటుంది? పద్మజ నేల మీద కూర్చుండిపోయింది. “అమ్మా, అమ్మా” అని మట్టిలో చేతులు పెట్టి ఏడ్చింది. ఈసారి దావన ఎవరూ పోవడం లేదు.

చేతికి గట్టిగా తగిలింది ఒక పెళ్ల. వాన తడికి బిగుసుకుని, పిడికిట్లో పట్టినా విరగలేదు. పద్మజ కళ్లు తుడుచుకుని లేచి, కొంగు బిగించి, తన సత్తువంతా పెట్టి విసిరింది. అది మొక్కల మీదుగా పోయి, ఎర్రన్న కుడిపక్కన సరిగ్గా ఆయన చెయ్యి ముందర పడింది.

ఎర్రన్న చేతిలోని కంప జారిపోయింది.

“వస్తాండా తిరుపాలూ!” అన్నాడు. పూర్తిగా వెనక్కి తిరగకముందే అనేశాడు, గొంతు నిండా సంతోషంతో. అట్లా నవ్వుతూనే తిరిగాడు.

గట్టు దగ్గర కూతురు నిలబడి ఉంది, చేతినిండా మట్టితో.

ఆయన నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఆ మొహం చూడలేక పద్మజ రెండు చేతులూ జోడించింది. తర్వాత సాళ్ల మధ్య నుంచి పరుగెత్తి, అమ్మ నేర్పినట్టే ముందరికి పోయి, నాయన మొహానికి ఎదురుగా నిలబడింది. చెప్పాల్సిన మాట ఒక్కటే ఉంది. గొంతులోంచి అది రాలేదు, పెదాలు మాత్రం వణికాయి.

ఎర్రన్న కూతురి పెదాల వంకే చూస్తూ నిలబడ్డాడు.